ఏడు పట్టు, మూడు విడుపు

వయసులో ఉన్నప్పుడు మునస్వామి అనే ఈ నేను, చంద్రగిరి వెనక కొండ కొమ్మున, నాలుగు వేళ్ళు మాత్రమే ఆనే బండ అంచును ఒంటి చేత్తో పట్టుకుని, పొద్దు పొడిచినప్పటి నుంచి నడినెత్తికి వచ్చేదాకా వేలాడి, రెండో చేత్తో తేనెపట్టు కోసినవాణ్ణి. తేనెటీగలు కుట్టీ కుట్టీ అలిసిపోయి నా భుజం మీదే కూర్చుని కునుకు తీశాయి. నమ్మనివాళ్ళు మా ఊరికి వచ్చి అడగవచ్చు. అడిగితే చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు, అది వేరే సంగతి. వేళ్ళ బలం గురించి మాట్లాడే అర్హత నాకుందని చెప్పడానికే ఈ మాట. చెప్పబోయేది మాత్రం నా వేళ్ళ గురించి కాదు. నా కోడలు ధరణి వేళ్ళ గురించి.

ఆమె మనసులోది నీకెట్లా తెలుసయ్యా అంటారు. నేను పదేళ్ళుగా చెవిటివాణ్ణి. అంటే, ఊరంతా అట్లా అనుకుంటోంది. ఒక ఎండాకాలం ధరణి కొళాయి దగ్గర నుంచి, 'మామా, ఈ బిందె రవ్వంత అందుకోండి' అని పిలిచింది. మంచం మీద సుఖంగా పడుకుని ఉన్నాను, వినపడనట్టు ఊరుకున్నాను. ఆమే మోసుకుపోయింది. ఆ ఊరుకోవడం ఎంత హాయిగా ఉందంటే, మళ్ళీ చెవులు తెచ్చుకోవాలనిపించలేదు. చెవిటివాడి ముందు మనుషులు ఏదీ దాచుకోరు. అందులోనూ ధరణి ఆవులతో మాట్లాడే మనిషి. నా మంచానికి ఆవుల కొట్టం ఆరడుగుల దూరం.

ఆమె రోజు ఆ కొట్టంలోనే మొదలవుతుంది. రెండు జెర్సీ ఆవులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పెళ్ళయి వచ్చిన మూడో రోజు నా ఇల్లాలు మునెమ్మ బకెట్టు ఆమె చేతిలో పెట్టి, 'పిండు సూద్దాం' అంది. ఆ బకెట్టు ఇంకా దిగలేదు. మునెమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది, ఆవులు మూడు తరాలు మారాయి, పాలకేంద్రం కార్డు మీద పేరు మాత్రం నాదే. నా కొడుకు ధర్మేంద్ర శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పోతాడు. అయిదింటికి కంపెనీ బస్సు. వాడి డబ్బా, వాడి యూనిఫారం, నా కాఫీ, ఆవులకు దాణా అయ్యాక, జాకెట్టు హుక్కులు పెట్టుకునేటప్పుడు మాత్రం ధరణి గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడేది. వేళ్ళ కొసలు మొద్దుబారి రెండేళ్ళయింది. హుక్కు ఎక్కడుందో వేళ్ళకు తెలియదు, కళ్ళతో చూసి పెట్టుకోవాలి. ఈ సంగతి ఎర్రావుకు తెలుసు, నాకు తెలుసు. ధర్మేంద్రకు చెప్పినప్పుడు, 'సెల్లు ఎక్కువ సూస్తా ఉండావు, అందుకే' అన్నాడు.

తరవాత తిరుపతి బస్సు. అక్కడ ఒక కాలేజీలో, కాంట్రాక్టు మీద, ఆమె అటెండరు. ఆటల విభాగంలో ఒక గది ఉంది, అందులో కొండ లేదు గానీ కొండ బొమ్మ ఉంది. చెక్క గోడకు రంగురంగుల ప్లాస్టిక్ గుబ్బలు బిగించి ఉంటాయి. కొండలెక్కే పిల్లలు వాటిని పట్టుకుని పాకుతారు. వాళ్ళ చెమట, వాళ్ళు చేతులకు రాసుకునే సుద్దపొడి అంటుకున్న గుబ్బలను విప్పి, సబ్బునీళ్ళలో కడిగి, ఆరబెట్టేది ధరణి. గోడ ఎంత ఎత్తుంటుందని మా ఊళ్ళో ఎవరో అడిగితే, 'నేను కిందే గదా ఉంటా, తెల్దు' అంది.

ఆ పిల్లల పట్టును కొలిచే రవిచంద్ర సార్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. పిడికిలి బిగించినప్పుడు ముంజేతి కండకు నెత్తురు అందదనీ, వదిలినప్పుడు మళ్ళీ అందుతుందనీ, ఆ వదిలిన కాస్త వ్యవధిని కండ ఎంత బాగా వాడుకుంటే మనిషి బండను అంతసేపు పట్టుకోగలడనీ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాడు. అందుకు ఆయన పెట్టే పరీక్ష ఇది. నేల మీద నిలబడి, తల పైన తూనిక యంత్రానికి వేలాడే సన్నని చెక్క అంచును వేళ్ళతో కిందికి లాగాలి. ఏడు సెకన్లు పట్టు, మూడు సెకన్లు విడుపు. ఎవరి బలంలో వాళ్ళు సగానికి పైగా ప్రతిసారీ లాగుతూ పోవాలి. కంప్యూటరు మీద గీత కిందికి జారితే అయిపోయినట్టు. పిల్లలను ఆరు నెలలు తయారుచేసి, ఏ తయారీ లేని వాళ్ళతో పోల్చి చూపించడం ఆయన పరిశోధన. తయారీ లేని ఆడవాళ్ళు పన్నెండు మంది కావాలి. పదకొండు మందే దొరికారు.

"నువ్వొక అయిదు నిమిషాలు నిలబడు ధరణీ, చాలు."

"నాకేం తెలుసు సార్?"

"తెలియకపోవడమే కావాల్సింది."

కాగితం తీసి అడిగాడు. వ్యాయామం? లేదు సార్. ఆటలు? ఆమె నవ్వింది. "ఇంట్లో చేతులతో చేసే బరువు పని ఏదన్నా ఉందా?"

"ఏం లేదు సార్. మామూలు ఇంటి పనే."

ఆయన మూడు చోట్ల 'లేదు' అని రాసుకున్నాడు. అబద్ధం చెప్పానని ధరణికి తోచలేదు. రోజంతా ఏం చేస్తా ఉండావని మొగుడు అడిగినప్పుడల్లా ఇచ్చే జవాబే అది. ఇరవయ్యొక్క ఏళ్ళుగా చెప్పి చెప్పి నున్నగా అరిగిన జవాబు.

కోమలి అనే పిల్ల, కొండలెక్కే జట్టులో మంచి చురుకైనది, పక్కన నిలబడి లెక్కపెట్టింది. యంత్రం కూత పెట్టగానే ధరణి పట్టింది, మళ్ళీ కూయగానే వదిలింది. నాలుగో సారికి ఆమెకు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే నుదుటికి ఎర్రావు డొక్క వెచ్చగా తగిలింది. పట్టడం, వదలడం, పట్టడం, వదలడం. ఇందులో కొత్తేముంది? పదిహేను అంది కోమలి, ఇరవై అంది. గోడ మీది పిల్లలు ఒక్కొక్కరే దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పిల్లల లెక్కలు రాసే బోర్డు మీద అందరికంటే పైనున్న మగపిల్లవాడిది ఇరవై తొమ్మిది. అది దాటినప్పుడు ఎవరో ఈల వేశారు. నలభై ఒకటో సారికి రవిచంద్ర సార్ వచ్చి యంత్రం ఆపేశాడు. గీత ఇంకా జారలేదు. యంత్రం చెడిందనుకుని ఇనుప బరువులు తగిలించి చూశాడు. చెడలేదు.

"నొప్పి పుట్టలేదా? ఎందుకు వదల్లేదు?"

"మీరు వదలమనలేదు గదా సార్."

అందరూ నవ్వారు, ధరణి కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల ఒక చల్లని సంగతి ఆమెను ముట్టుకుంది. వేళ్ళల్లో నొప్పి పుడితే వదిలేద్దామనే ఆమె ఎదురుచూసింది. అది రాలేదు. ఆ పిల్లలకు నొప్పి వస్తుంది కాబట్టి వదులుతున్నారు. ఎప్పుడు వదలాలో చెప్పే ఆ ఒక్క దిక్కు తన చేతుల్లో చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో! వీళ్ళు చప్పట్లు కొడుతున్నది బలానికా, ఆ చావుకా? కోమలి బోర్డు మీద 'ధరణి అక్క – 41' అని పెద్దగా రాసింది. తన పేరు ఒక గోడ మీద చూసుకోవడం ఆమెకు అదే మొదలు. పెళ్ళిపత్రికలో కూడా అచ్చుతప్పు పడింది.

"అందరికీ టీ పెట్టు ధరణీ," అన్నాడు సార్. పళ్ళెం తెస్తుంటే ఒక గ్లాసు జారి పగిలింది. చూసుకోవాలి గదా అన్నారెవరో. తుడిచింది.

మూడు రోజుల తరవాత సార్ పిలిచి రెండు కాగితాలు చేతికిచ్చాడు. ఒకటి మొన్న ఆయన రాసుకున్నది, రెండోది దానికి జతచేయాల్సిన కొత్తది.

"నీ ఒక్కదాంతో నా ఫలితం మొత్తం తారుమారవుతోంది. శిక్షణ లేనివాళ్ళు తక్కువ చేయాల, ఉన్నవాళ్ళు ఎక్కువ చేయాల. మేం చూపించేది అదే గదా. తప్పుగా అనుకోకు. రేపు సంతకం పెట్టి తీసుకురా. బోర్డు మీద కూడా తుడిచెయ్."

కొత్త కాగితంలో 'నా ఇష్టప్రకారం ఈ పరీక్ష నుంచి తప్పుకుంటున్నాను' అని ఉంది. వచ్చే నెలలో అటెండర్ల కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు. ఎవరిని ఉంచాలో సార్ మాట మీదే ఆధారం. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు.

ఆ సాయంత్రం ఆమె కాగితాలు నడుములో దోపుకునే ఎర్రావు దగ్గర కూర్చుంది. పిండుతూ, జన్మలో మొదటిసారి లెక్కపెట్టింది. పట్టుకు సెకనైనా లేదు, విడుపు అంతకంటే లేదు. మరి నా మూడు సెకన్లు యాడుండాయే, అని ఆవును అడిగింది. కంపెనీ బస్సుకూ పాలకేంద్రానికీ మధ్యనా? నీళ్ళకూ పొయ్యికీ మధ్యనా? 'నీకు కూర్చునే ఉద్యోగం గదా' అని మొగుడంటాడు. 'మా కాలంలో ఆరావులు పిండి, అడవికి పోయి కట్టెలు తెచ్చేవాళ్ళం' అని అత్త అనేది. మామ ఏమీ అనడు, ఆయనకు వినపడదు. పట్టుకున్నదంతా గుర్తుంది గానీ వదిలింది ఒక్కటీ గుర్తు రాలేదు. ఇప్పుడు వదలమంటున్నారు, అదీ తన ఇష్టప్రకారమేనట. బండ అంచునో చెక్క అంచునో కాదు, ఆ నలభై ఒకటిని వదలమంటున్నారు. ఇరవయ్యొక్క ఏళ్ళలో తను చేసిన పని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అంకెగా మారి గోడ మీద నిలబడింది. అది కూడా ఆమే తుడవాలి, తుడిచే ఉద్యోగం ఆమెది కాబట్టి.

రాత్రి అన్నం దగ్గర ధర్మేంద్రకు చెప్పింది. వాడు ముద్ద పట్టుకుని నవ్వాడు.

"గబ్బిలం మాదిరి ఏలాడినావా?"

"ఏలాడలేదు. నిలబడి లాగినా."

"ఏదో ఒకటిలే. సంతకం పెట్టి ఇచ్చేయ్. సార్ మంచోడు గాబట్టి అడిగినాడు."

"నా ఇష్టం అని రాసుండాది. నా ఇష్టం గాదు గదా."

"నీకు ఇష్టమేందే మళ్ళీ? ఆ నంబరు కూడు పెడతాదా? చేతి ఏళ్ళ బలమంటే మా నాయనది. కొండ కొమ్మున పూటంతా ఏలాడి తేనె కోసినాడు. ఆయన పేరు యాడన్నా బోర్డు మీద రాసినారా?"

ధరణి నా మంచం వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

సరే, దాచి ఏం లాభం. కొండెక్కింది నేను కాదు, మునెమ్మ. నేను కింద కుండ పట్టుకుని నిలబడ్డాను. మొదటి ఈగ చెవి దగ్గర గుయ్యిమనగానే కుండ పారేసి, పంచె ఊడినా చూడకుండా రోడ్డు దాకా ఉరికాను. ఆమె తేనె మూట నడుముకు కట్టుకుని, దిగి, నడిచి వచ్చి, నా పంచె నాకిచ్చింది. ఊళ్ళోకి వచ్చేసరికి ఎక్కినవాణ్ణి నేనైపోయాను. ఆమె కాదనలేదు. నలభై ఏళ్ళు నా నోట ఈ కథ వింటూ, విన్న ప్రతిసారీ నాకు అన్నం వడ్డించింది. ఆ రాత్రి ఈ మాట చెప్పి ఉంటే నా కొడుకు నోరు మూతపడేది. కానీ చెవిటివాడు జవాబు ఎట్లా చెబుతాడు?

తెల్లారి ధర్మేంద్ర అయిదింటి బస్సుకు పోయాడు. ధరణి బకెట్టు తీసుకుని కొట్టం వైపు వచ్చి, పోకుండా, నా మంచం పక్కన అరుగు మీద కూర్చుంది. కాగితాలు మోకాలి మీద పరిచింది. నా వైపు తిరగకుండా, ఆవుతో మాట్లాడేంత మెల్లగా అడిగింది.

"మామా, నేను ఈ ఇంట్లో పాలు పిండబట్టి ఎన్నేళ్ళాయె?"

"ఇరవయ్యొకటి," అన్నాను. నోరు జారింది.

ఆమె ఉలిక్కిపడలేదు. తల తిప్పనైనా లేదు. "తెలుసు మామా. ఆ బిందె నాటి నుంచీ తెలుసు," అంది.

పెన్ను వేళ్ళకు తెలియదు కాబట్టి కళ్ళతో చూసుకుంటూ రాసింది. మొదటి కాగితంలో మూడు 'లేదు'లూ కొట్టేసి, పక్కన రాసినది నేను కూడబలుక్కుని చదివాను: 'ఇరవయ్యొక్క ఏళ్ళు. రోజుకు రెండు పూటలు. సెలవు లేదు.' రెండో కాగితాన్ని సంతకం లేకుండా నాలుగు మడతలు పెట్టింది. లేచి, ఖాళీ బకెట్టు నా మంచం కోడు దగ్గర ఆనించింది.

"ఏడు సెకన్లు పట్టు, మూడు సెకన్లు విడుపు, మామా. నేను ఈ పొద్దు చేతులు డాక్టరుకు సూపించుకుని, ఆణ్ణించి కాలేజీకి పోతా."

మొదటి బస్సుకే పోయింది. నేను లేచి, పీట వేసుకుని, ఎర్రావు కింద కూర్చున్నాను. మూడో పట్టుకే ముంజేతులు మండాయి, నిమిషం తిరక్కుండా వేళ్ళు కొయ్యబారాయి. బకెట్టు అడుగు కూడా తడవలేదు. అట్లా ఆ పొద్దున నాకు జ్ఞానం కలిగింది.

ధరణి ఉద్యోగం ఉంటుందో పోతుందో వచ్చే నెలకు గానీ తెలియదు. బోర్డు మీద నలభై ఒకటి ఇంకా ఉందని కోమలి ఫోనులో చెబుతుంటే విన్నాను. తుడిచే మనిషి తుడవకపోతే దాన్ని తుడిచేవాళ్ళు ఆ గదిలో లేరట.

ఇంతసేపు విన్నారు కాబట్టి ఒక మాట ఒప్పుకుంటాను. యంత్రం నిజం, అంకె నిజం, బకెట్టు నిజం. నేను లేచి ఆవు కింద కూర్చున్నాననేది మాత్రం అల్లాను. లేవలేదు. ఎండెక్కేదాకా రెండు ఆవులూ పొదుగులు సలిపి అరిచాయి. ఆ అరుపు వినలేక పక్కింటి తిరుమలమ్మ, తన ఇంటి పని వదిలి గోడ దాటి వచ్చి, ఆ బకెట్టు అందుకుని రెండింటినీ పిండింది. పోతూ పోతూ నా మంచం దగ్గర ఆగి, "కోడలు యాడికి పొయినాది మామా?" అని అడిగింది.

నేను చెవిటివాణ్ణి గదా. చెప్పలేదు.