చివరికి అందరూ చస్తారు

వెర్లిన్ స్టోల్ట్స్ అంతటి ధైర్యవంతుడు పికెట్స్‌విల్ ఊళ్ళో లేడని పదకొండేళ్ళుగా అందరూ ఒప్పుకుంటూ వచ్చారు. ఆ మాటకొస్తే అందరికన్నా ముందు ఒప్పుకున్నది వెర్లినే.

అక్టోబరు వచ్చిందంటే చాలు, ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి డ్వైట్ పర్సెల్ గడ్డికొట్టంలో దయ్యాల సినిమా వేస్తారు. తలుపులు బిగించి, సందుల్లో గోనెలు కుక్కి, దూలానికి తెల్లదుప్పటి వేలాడదీసి, గడ్డిమోపుల మీద పదిహేనుమంది ముసలీముతకా ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చుంటారు. దాల్చినచెక్క పొడి అద్దిన డోనట్లు చేతులు మారుతుంటాయి. వేడివేడి ఆపిల్ రసం తాగుతూ, తెరమీద ఎవడి తల ఎప్పుడు తెగుతుందా అని ఎదురుచూస్తుంటారు. బుద్ధిమంతులు చెయ్యాల్సిన పనేనా అని చర్చి పాస్టరు ఒకసారి అడిగాడుగానీ, ఆ మరుసటి శనివారం ఆయనే ముందువరసలో కనబడ్డాడు.

ఆ కొట్టంలో నియమం ఒక్కటే. నెల మొత్తంమీద అందరికన్నా పెద్ద కేక ఎవరు పెడితే వాళ్ళు నెలాఖరున, పిల్లలు దయ్యాల వేషాలేసుకుని మిఠాయి కోసం తిరిగే హాలోవీన్ సాయంత్రం, కోడివేషం వేసుకుని, లైబ్రరీ మెట్లమీద కూర్చుని, ఊరి పిల్లలకు మిఠాయి పంచాలి. డ్వైట్ భార్య కార్లిస్ పన్నెండేళ్ళ కిందట కుట్టిన వేషం అది. పసుపుపచ్చ ఈకలు, ఎర్రటి జుట్టు, తలకాయంత ముక్కు. కుట్టిన నాటినుంచి దానికి నీళ్ళు తగల్లేదు. డ్వైట్ ఇప్పటికి ఏడుసార్లు అందులో దూరాడు.

వెర్లిన్ ఒక్కసారీ దూరలేదు. పక్కనున్నవాళ్ళు కెవ్వుమని గడ్డిలో తలలు దూరుస్తుంటే ఆయన కాలుమీద కాలేసుకుని డోనట్ నములుతూ ఉండేవాడు. భయం వెయ్యడం లేదా అంటే, ఇలాంటివి చాలా చూశాను, చివరికి అందరూ చస్తారు, అనేవాడు. అదేదో వేదవాక్కు అయినట్టు జనం ముక్కున వేలేసుకునేవారు.

ఇందులో మర్మమేమిటో ఇప్పుడే చెప్పేస్తాను, దాచడానికి ఇదేం బ్రహ్మరహస్యం కాదు. ముప్పై రెండేళ్ళు బడి బస్సు తోలినవాడి చెవులు ఎలా ఉంటాయి? రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు పడ్డాయి. తెరమీద ఎవరైనా కొవ్వొత్తి పట్టుకుని నేలమాళిగలోకి దిగడం మొదలెట్టగానే వెర్లిన్ చెవులు గోక్కునేవాడు. గోకడం పైకి, మిషన్ల మీటలు నొక్కడం లోపలికి. ఇంక ఈలలు లేవు, కిర్రుమనే తలుపులు లేవు, వయొలిన్ల ఏడుపు లేదు. చప్పుడు తీసేశాక దయ్యాల సినిమా అంటే ఏముంది, దీపం వేసుకోవాలన్న ఇంగితం లేని మనుషుల కథ. దానికి భయపడేవాడెవడు? పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఈ గొప్పతనాన్ని పదకొండేళ్ళు మోయడానికి మొదట్లో పొగరే కారణం. తరవాత్తరవాత కారణం ఇమోజిన్ టాకెట్.

ఇమోజిన్ ఊరి చివర ఆపిల్ రసం తీసే మిల్లులో డోనట్లు వేయిస్తుంది. భర్త పోయి ఆరేళ్ళు. ఆవిడ ఎప్పుడూ వెర్లిన్ పక్కమోపు మీదే కూర్చునేది. పెట్టె తెరవగానే మొదటి డోనట్, ఇంకా వేడి ఆరనిది, కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టేది. దయ్యం వచ్చినప్పుడల్లా ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆ చెయ్యి కోసం వెర్లిన్ పది దయ్యాలనైనా పెంచి పోషించేవాడు. ఆవిడంటే ఆయనకు ఇష్టం. అది చెప్పడానికి మాత్రం నోరు లేదు. బస్సునిండా పిల్లల్ని అదిలించి కూర్చోబెట్టినవాడికి ఒక్క ఆడమనిషితో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే గొంతు తడారిపోయేది.

పోయిన ఏడాది అక్టోబరు చివరి శనివారం, తెరమీద బావిలోంచి ఏదో పైకి పాకుతుండగా, ఇమోజిన్ ఆయనవైపు వంగి ఏదో అంది. వెర్లిన్ చెవులు అప్పటికే ఆఫ్‌లో ఉన్నాయి. పెదవులు కదలడం మాత్రం కనబడింది. పాపం భయపడుతోంది కాబోలు, ధైర్యం చెబుదామనుకుని, అలవాటైన మాటే అనేశాడు. ఇమోజిన్ డోనట్ల పెట్టె తీసుకుని లేచి, కొట్టం అవతలి మూలకు వెళ్ళి కూర్చుంది.

ఆనాటినుంచి ఆయన ఆవిడకు వెర్లిన్ కాడు, మిస్టర్ స్టోల్ట్స్. బాగున్నారా మిస్టర్ స్టోల్ట్స్. మీ చిల్లర తీసుకోండి మిస్టర్ స్టోల్ట్స్. ఎందుకో ఆయనకు తెలియలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. ఈ ఏడాది మూడు శనివారాలు అలాగే గడిచాయి. ఈలోగా, నవంబరులో ఇల్లు అద్దెకిచ్చి స్ప్రింగ్‌ఫీల్డులో అక్క దగ్గరికి వెళ్ళిపోతోందని కబురు తెలిసింది. ఆ రాత్రి వెర్లిన్‌కు అన్నం, అంటే ఆయన తినే బంగాళదుంపలు, సహించలేదు.

చివరి శనివారం పొద్దున కార్లిస్ వాళ్ళ వసారాలో హాలోవీన్‌కు గుమ్మడికాయల మీద దయ్యం మొహాలు చెక్కడానికి వెళ్ళాడు. అది కూడా ఏటా ఉండేదే. కార్లిస్ చేతులు మోచేతుల దాకా గుజ్జులో ముంచి, పేగులు లాగినట్టు గింజలు లాగుతోంది. వెర్లిన్ తన గుమ్మడికాయకు ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి చెక్కి, ఉండబట్టలేక, ఇమోజిన్‌కు తనమీద కోపం ఎందుకో తెలుసా అని అడిగాడు.

కార్లిస్ కత్తి పక్కన పెట్టింది.

“ఏమీ ఎరగనట్టు నన్నడుగుతావేం? ఆవిడ ఎంతో సిగ్గు చంపుకుని నిన్నో మాట అడిగితే, నువ్వేమన్నావు?”

“ఏమన్నాను?”

“ఇలాంటివి చాలా చూశాను, చివరికి అందరూ చస్తారు అన్నావట. భర్తను పూడ్చిపెట్టుకున్న మనిషితో అనే మాటేనా అది?”

వెర్లిన్ చేతిలో గుమ్మడికాయ జారి మెట్లమీద పడి పగిలింది. ఏం అడిగింది, ఏం అడిగిందని మూడుసార్లు అడిగాడు. అది చెప్పాల్సింది తాను కాదని కార్లిస్ కచ్చితంగా చెప్పేసింది. పైగా, పక్కన కూర్చుని అడిగితే వినబడలేదా, నువ్వేమన్నా చెవిటివాడివా అంది. అని, ఆయన చెవుల వంక చూసి, ఆ పాత గోకుడంతా గుర్తుచేసుకుని, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తరవాత వచ్చిన నవ్వు ఆపుకోలేక గుజ్జు చేతులతోనే మొహం కప్పుకుంది.

వెర్లిన్‌కు మాత్రం నవ్వు రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అయిందంతా. ఊదిన మనిషి ఏడాదిపాటు ఏడ్చి ఉంటుంది. నిజం చెబితే పదకొండేళ్ళ పరువు గడ్డికొట్టంలో కలిసిపోతుంది. చెప్పకపోతే ఇమోజిన్ వెళ్ళిపోతుంది. మధ్యాహ్నమంతా మింగలేక కక్కలేక ఇంట్లో పచార్లు చేశాడు. మూడున్నరకు మిషన్లలో కొత్త బ్యాటరీలు వేసుకుని బయలుదేరాడు.

ఆనాటి సినిమాలో ఓ పిల్ల పాత ఇల్లు కొనుక్కుంటుంది. కొన్న మొదటిరోజే నేలమాళిగలో ఎవరో గోడ గీకుతుంటారు. వెర్లిన్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, చెవుల దగ్గరికి పోకుండా. పదకొండేళ్ళుగా తాను ఏం తప్పించుకున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. మెట్టు మెట్టుకీ కిర్రు. గోడలో ఊపిరి. ఎక్కడో నీటిచుక్క. తరవాత అన్నీ ఆగిపోయి, ఒక్క నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఆయన కొంప ముంచింది. దయ్యం ఇంకా తెరమీదికి రాకముందే, సినిమాలో పిల్లి ఒకటి తలుపు తోసుకుని వచ్చినందుకు, అరవై తొమ్మిదేళ్ళ వెర్లిన్ స్టోల్ట్స్ “అమ్మా” అని కేకపెట్టి డ్వైట్ ఒళ్ళోకి ఎగిరాడు.

అది మామూలు కేక కాదు. పక్కింటి కుక్కలు అందుకున్నాయి. ఆపిల్ రసం పాస్టరు ప్యాంటుమీద ఒలికింది. డ్వైట్ తమాయించుకుని, ఒరేయ్, పిల్లిని చూసి దడుచుకున్నావేంట్రా, దయ్యం వచ్చినప్పుడు నా జేబులో దూరతావా అన్నాడు. కొట్టమంతా పగలబడి నవ్వింది. ఏడు కోడివేషాల కసి తీర్చుకుంటూ డ్వైట్ సినిమా కూడా ఆపేశాడు.

వెర్లిన్ లేచి దుప్పటి ముందు నిలబడ్డాడు.

“నవ్వండి. నేను ధైర్యవంతుణ్ణి కాను, ఏనాడూ కాను. దయ్యం వచ్చేముందు చెవి మిషన్లు కట్టేసేవాణ్ణి. పదకొండేళ్ళూ నేను ఒక్క సినిమా కూడా వినలేదు. పక్కన ఎవరేమన్నా కూడా వినలేదు.”

ఆ చివరిమాట ఆయన కొట్టం అవతలి మూలకు చూస్తూ అన్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఇమోజిన్ లేచింది. డోనట్ల పెట్టె గుండెలకు హత్తుకుని అడిగింది.

“నేనన్నది ఒక్క ముక్కా వినలేదా మీరు?”

“ఒక్క ముక్క కూడా. నీకు భయమేస్తోందనుకున్నాను.”

“వేసింది,” అంది ఇమోజిన్. “అందుకే అంత మెల్లిగా అడిగాను. ఒకటి కాదు రెండు కాదు, మూడు వందల అరవై రోజులు, ఆ ఒక్క మాటా తలుచుకుని ఆ డోనట్ల మూకుడు ముందు ఏడ్చాను మిస్టర్ స్టోల్ట్స్.”

పెట్టె మూతపెట్టి వెళ్ళిపోయింది. ఎవరికీ డోనట్ దక్కలేదు. మిగతా సినిమా ఎవరూ చూడలేదు. వెర్లిన్‌ను ఎగతాళి చెయ్యడానికి డ్వైట్‌కు కూడా మనసు రాలేదు. కోడివేషం సంచి మాత్రం మర్చిపోకుండా చేతిలో పెట్టాడు.

హాలోవీన్‌నాడు ఆరింటికి లైబ్రరీ మెట్లమీద కోడి కూర్చుంది. లోపల ఉక్క, ఏడుగురు డ్వైట్‌ల చెమట వాసన, దానికితోడు ఇమోజిన్ ఇంటి ముందు అద్దె బోర్డు వేలాడటం వచ్చేదారిలో వెర్లిన్ కళ్ళబడింది. అయినా నియమం నియమమే. సెయింట్ లూయిస్ నగరం చుట్టుపక్కలున్న ఈ ఊళ్ళలో మిఠాయి ఊరికే ఇవ్వరు, పిల్లలు జోకు చెప్పాలి. చెప్పకుండా చెయ్యి చాపిన పిల్లవాడు పెంపకం లేనివాడి కింద లెక్క. వెర్లిన్ ఇన్నేళ్ళూ తన గుమ్మంలో పిల్లలు పెదవులు కదపగానే నవ్వి మిఠాయి పడేసేవాడు. ఇప్పుడు కోడితల లోపల చెవులు రిక్కించి ఒక్కొక్కటీ విన్నాడు.

దయ్యం బడికెందుకు పోదు అని అడిగింది మంత్రగత్తె వేషంలో ఉన్న ఓ పిల్ల. హాజరు పిలిస్తే కనబడదు కాబట్టి అని తనే చెప్పింది. అస్థిపంజరానికి చలెందుకెక్కువ అన్నాడో సముద్రపు దొంగ, గాలి ఎముకల సందుల్లోంచి దూరుతుంది కాబట్టి అని తనే నవ్వాడు. ఇంత చచ్చు జోకులకా ఊరు ఊరంతా నవ్వుతోంది అని వెర్లిన్‌కు ఆశ్చర్యం వేసింది. అయినా బాగున్నాయి.

ఎనిమిది కావస్తుండగా వరసలో చివర ఓ పెద్ద దయ్యం నిలబడి ఉంది. తెల్లదుప్పటి, రెండు కన్నాలు. ఏ దుకాణంలోనూ కొన్నది కాదు, ఇంట్లో మంచం మీది దుప్పటే. దాని వంతు వచ్చేసరికి కోడి ముక్కులోంచి కూడా దాల్చినచెక్క వాసన తెలిసింది.

“జోకు,” అన్నాడు వెర్లిన్.

దయ్యం మొదలెట్టింది.

“ఒకావిడ ఇంట్లో ఇప్పటికీ రెండు కప్పుల కాఫీ కాస్తుంది. భర్త పోయినా చెయ్యి ఆ అలవాటు మానుకోలేదు. ఒకటి తాగుతుంది, ఒకటి పారబోస్తుంది. ఒకసారి సినిమాలో పక్కాయన్ని అడిగింది, ఆ రెండో కప్పు రోజూ నువ్వొచ్చి తాగకూడదా, అసలు వెళ్ళకుండా ఉండిపోకూడదా అని. దానికాయన, ఇలాంటివి చాలా చూశాను, చివరికి అందరూ చస్తారు అన్నాడు.”

మంత్రగత్తె పిల్ల ఇంకా అక్కడే నిలబడి మిఠాయి నములుతోంది. ఇందులో నవ్వేదేముంది అని అడిగింది.

వెర్లిన్ కోడితల ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులకు రెక్కలున్నాయి.

“చివరికి ఎలాగూ చస్తాం ఇమోజిన్. ఆలోగా నా కాఫీలో పాలు కాస్త ఎక్కువ పొయ్యి.”

దుప్పటి కింద ఆవిడ నవ్విందో ఏడ్చిందో కన్నాల్లోంచి తెలియలేదు. ఇప్పుడైనా సరిగ్గా వినబడిందా అని అడిగింది. మిషన్లలో కొత్త బ్యాటరీలు ఉన్నాయి. ఒక్క అక్షరం పోకుండా వినబడింది. అయినా వెర్లిన్ చెవి వెనక రెక్క అడ్డం పెట్టి, లేదు, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

అబద్ధమని ఆవిడకు తెలుసు. పక్కన మెట్టుమీద కూర్చుని, వెర్లిన్, అని పిలిచి, ఈసారి ఊరంతా వినేలా చెప్పింది.