చెమట పట్టిన ఐసు

మా ఫ్యాక్టరీలో మేస్త్రీగా నేను తీసిన ఐసు దిమ్మని ముట్టుకుంటే వేలు అంటుకుపోవాలి. అంటుకోలేదంటే అది నా చేతి పని కాదు. రేవులో ఎవరినడిగినా ఇదే చెబుతారు, చెప్పకపోతే నేనే చెబుతాను. డబ్బా కొట్టుకుంటానని మా ఆవిడ దెప్పుతుంది. కొట్టుకుంటే కొట్టుకున్నాను, అబద్ధమైతే కాదుగా!

మా అమ్మాయి నర్సు. నది మధ్య దీవిలో పిల్లలకి టీకాలు వేసే పని ఆసుపత్రి వాళ్లు మొదటిసారి తన ఒక్కదాని చేతిలో పెట్టారు. సరిగ్గా ముందురోజే వాళ్ల ఫ్రీజర్ మొరాయించింది. "నాన్నా, మీ ఐసు బిగించే ఉప్పునీళ్ల తొట్టిలో ఈ ప్యాక్‌లు గడ్డకట్టించి ఇస్తావా?" అని అడిగింది. నీళ్లు నింపిన ప్లాస్టిక్ పలకలవి. టీకా పెట్టె లోపల నాలుగు వైపులా వాటిని నిలబెట్టి, మధ్యలో మందు సీసాలు పెడతారట. నన్ను అడగాలా? రాళ్లలా బిగిసేదాకా ఉంచి, పొద్దున్నే గోనెసంచిలో చుట్టి, రేవు పక్కనున్న మందుల గదికి నేనే మోసుకెళ్లాను. అవసరానికి ఉంటాయని రెట్టింపు కంటే ఎక్కువే తెచ్చాను.

"పెట్టెలో సర్దేయనా?"

"అప్పుడే వద్దు నాన్నా. బల్ల మీద పరువు. చెమట పట్టాలి."

నాకు ఒళ్లు మండింది. ఐసుకి చెమట పట్టిందంటే దాని పని అయిపోతున్నట్టే. అలాంటి దిమ్మ ఇస్తే చేపలవాళ్లు నా మొహాన కొట్టిపోతారు.

"నీ తొట్టిలోంచి వచ్చింది సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి దిగిపోయి ఉంటుంది," అంది, పలకలు విడివిడిగా పరుస్తూ. "ఇలాగే పెడితే సీసాల్లో మందు కూడా గడ్డకడుతుంది. ఈ మందు ఒకసారి గడ్డకట్టిందా, ఇక చచ్చినట్టే. కరిగాక చూస్తే ఏ తేడా కనపడదు. పిల్లలకి పొడిచేస్తాం, రోగం మాత్రం ఆగదు."

"కరగడం మొదలైతే మధ్యాహ్నానికి నీళ్లే మిగులుతాయి తల్లీ!"

"మిగలవు. మొత్తం కరగాలంటే అది బోలెడంత వేడి తాగాలి. తాగుతున్నంతసేపూ సున్నా దగ్గరే నిలబడుతుంది. సాయంత్రం దాకా ఢోకా లేదు."

చదివించింది నేనే, అయినా నమ్మడం మాత్రం నమ్మలేదు. బయట లాంచీ హారన్ మోగింది. అది తప్పితే ఆ రోజుకి ఇంకోటి లేదు. అవతల తల్లులు పనులు మానుకుని, పిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూస్తుంటారు. మొదటి రోజే మా పిల్లకి తలవంపులు!

తను సీసాలు తేవడానికి లోపలికి వెళ్లింది. నా బుద్ధి ఊరుకుందా? సంచిలో మిగిలిన గట్టి పలకలు కొన్ని తీసి పెట్టెలో పేర్చేశాను. బల్ల మీద చెమటలు కక్కుతున్నవాటిని సంచి అడుగున ఇంకా ఉన్న గట్టి పలకల మధ్య కుక్కేశాను. బిడ్డకి ఎంత మేలు చేశానో అని మీసం కూడా దువ్వుకున్నాను.

తిరిగొచ్చింది. సీసాలు పక్కన పెట్టి, పెట్టెలోంచి ఒక పలక తీసి, చెవి దగ్గర ఊపింది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు లేదు. ఇంకోటి ఊపింది. అదీ అంతే. నా వైపు తిరిగింది.

"మార్చేశావా నాన్నా?"

"నీ కోసమేనే..."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఊపి చూడకపోయుంటే దీవిలో పిల్లలందరికీ ఒట్టి నీళ్లు పొడిచొచ్చేదాన్ని," అంది అంతే. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచి విప్పి చూస్తే, చెమట పట్టినవి కూడా గట్టి పలకల మధ్య పడి మళ్లీ బిగుసుకున్నాయి. తను అన్నిటినీ మొదటి నుంచి బల్ల మీద పరిచింది.

లాంచీ నడిపే సరంగు గుమ్మంలోకి వచ్చి గుడ్లురిమాడు. "ఏమ్మా, వస్తావా రావా? తాడు విప్పేస్తున్నా!"

"ఇవి సిద్ధమయ్యాకే వస్తాను. ఆగలేకపోతే వెళ్లండి. నేను ఎలాగోలా ఇంకో పడవ చూసుకుంటాను."

ఇంకో పడవ లేదని తనకీ తెలుసు. ఆ సరంగు అరిస్తే రేవులో మేమంతా హడలిపోతాం. నా కూతురు కనీసం పలకల మీంచి చెయ్యి కూడా తీయలేదు. ఇంత సిగ్గులోనూ నా ఛాతీ ఉబ్బిపోయింది.

సరంగు నా మీద పడ్డాడు. "మేస్త్రీ, నువ్వు చెప్పు. నీ మాటంటే మాటే. ఆ గడ్డలు పనికొస్తాయా రావా?"

వస్తాయంటే చాలు, లాంచీ దొరుకుతుంది. ఐసు విషయంలో ఈ రేవులో నా మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. ఒక పలక అందుకుని చెవి దగ్గర ఊపాను. లోపల ఏమీ కదల్లేదు.

"నన్నడక్కు సరంగూ," అన్నాను. "ఈ ఐసు సంగతి ఆవిడకే తెలుసు. ఆవిడ బయల్దేరమన్నాకే బయల్దేరు."

కన్న కూతుర్ని 'ఆవిడ' అన్నానని నోరు దాటాక గానీ తెలియలేదు. సరంగు గొణుక్కుంటూ వెళ్లి గుమ్మం మీద కూలబడ్డాడు. మా అమ్మాయి తలెత్తకుండానే ఇంకో పలక నా చేతిలో పెట్టింది.

"ఇదీ విని చెప్పు నాన్నా," అంది.