బిళ్ళ ఎవరి దగ్గరుంటే

శివకుమారికి ఆ ఆట పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. ఎవరైనా అడిగితే మంచు మీద కొట్లాట అంటుంది. కానీ మార్చి నెల వచ్చిందంటే ఆమెకు వంటింట్లో కాలు నిలవదు. కూరగాయల పళ్ళెం ఎత్తుకొచ్చి హాల్లో టీవీ ముందు చతికిలబడి, బీన్సు తరుగుతూ, ఎవడు ఎవణ్ణి గోడకేసి బాదుతాడా అని కళ్ళప్పగించి చూస్తూ ఉంటుంది.

ఈ పిచ్చి ఆమెకు అంటించింది ఇందిరాదేవి. ఖతార్‌లో, అల్ అజీజియాలోని ఒక విల్లాలో ఇందిరాదేవి, ఆమె భర్త వేణుగోపాలరావు ఉంటారు. శివకుమారి నాలుగేళ్ళుగా వాళ్ళింట్లో పని చేస్తోంది. ఇందిరాదేవి ఎప్పుడో మిన్నెసోటాలో చదువుకుంది. అక్కడ కాలేజీ కుర్రాళ్ళ ఐస్ హాకీ అంటే ఊరంతా ఊగిపోతుందట. అలాగని ఆవిడేమీ వీరాభిమాని కాదు. ఏడాదంతా ఆ ఊసే ఎత్తదు, ఆటగాళ్ళ పేరు ఒక్కటీ గుర్తుండదు. ఆ దేశం మొత్తం మీద పదహారు కాలేజీలు మిగిలి, ఓడినవాళ్ళు ఓడినట్టే ఇంటికి పోయే పోటీలు మొదలయ్యాక మాత్రం పూనకం వచ్చినట్లు లేస్తుంది. అక్కడి ఆట ఇక్కడ అర్ధరాత్రి దాటాక వస్తుంది కాబట్టి, పొద్దున్నే రికార్డింగ్ పెట్టుకుంటుంది. అది చూసేదాకా ఇంట్లో ఎవ్వరూ స్కోరు ఎత్తకూడదు. ఎత్తే దిక్కెవరు? వేణుగోపాలరావుకు క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు, ఇరుగుపొరుగుకు ఆ ఆట ఒకటుందనే తెలియదు. అయినా సరే, ఆవిడ ఫోన్ తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద బోర్లించి వస్తుంది.

శివకుమారికి గోలూ తెలియదు, గీతలూ తెలియవు. తెల్లచొక్కాల జట్టులో పద్నాలుగో నంబరు కుర్రాడు మాత్రం తెలుసు. పొట్టివాడు. తనకంటే జానెడు పొడుగున్నవాణ్ణి భుజంతో గుద్ది, చుట్టూ ఉన్న చెక్కగోడకు అంటించేస్తాడు. పైన అద్దాలు దడదడలాడతాయి, కర్ర ఒకవైపు, మనిషి ఒకవైపు పడతారు. ఆ చప్పుడు వింటే శివకుమారికి కడుపు నిండా చల్లని నీళ్ళు తాగినట్లుంటుంది.

ఇలా కొడితే కేసు కాదా అని ఒకసారి అడిగింది. ఇందిరాదేవి తనకు తెలిసినంతలో చెప్పింది. బంతికి బదులు ఆడే నల్లబిళ్ళ ఎవడి దగ్గరుంటే వాణ్ణి కొట్టొచ్చు. బిళ్ళ లేనివాణ్ణి కొడితే తప్పు. వెనక నుంచి గుద్దినా తప్పే, తల మీద కొట్టినా తప్పే. పిడికిళ్ళతో కలబడినవాడికి ఈ ఆటా పోతుంది, తర్వాతి ఆటా పోతుంది. శివకుమారి నోరెళ్ళబెట్టింది. కొట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమెకు తెలిసిన దెబ్బలకు పద్ధతీ లేదు, పాడూ లేదు. అన్న తిరుపాలుకు చెయ్యి లేచిన దగ్గర్నుంచీ కొడుతూనే ఉన్నాడు. రాయచోటి పక్క పల్లెలో చెనిక్కాయలు ఒలవడం ఆలస్యమైందని కొట్టాడు. పెళ్ళివాళ్ళ ముందు గట్టిగా నవ్విందని కొట్టాడు. మొగుడు చనిపోయి పుట్టింటికి వస్తే ఏడుపు ఆపడం లేదని కొట్టాడు. ఖతార్‌కు తీసుకొచ్చిందీ వాడే. వాడు అల్ షహానియాలో ఒంటెల దగ్గర పని చేస్తాడు. శుక్రవారం శుక్రవారం వచ్చి, వెనక గేటు పక్కనున్న ఆమె గదిలో అన్నం తిని, కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఏదో ఒక వంక పెట్టి, చెంప పగలగొట్టి పోతాడు. ఒంటెల తాళ్ళు లాగిన చెయ్యి, తగిలితే గూబ గుయ్యిమంటుంది. ఇందిరాదేవి అడిగితే తలుపు తగిలిందనేది శివకుమారి. ఒక మనిషికి అన్నిసార్లు తలుపు ఎలా తగులుతుందని ఆవిడకూ అనుమానమే. అన్నాచెల్లెళ్ళ మధ్య మనమెందుకని ఊరుకుంది. అది మాత్రం ఆవిడ తప్పు.

ఏప్రిల్ మొదటి శుక్రవారం వాడు కొత్త కబురు తెచ్చాడు. ఊళ్ళో వాడి పెళ్ళాం కాలు విరగ్గొట్టుకుంది, ఎనుములు రెండూ గాలికి పోతున్నాయి, కాబట్టి శివకుమారి ఉద్యోగం మానేసి ఊరికి పోవాలి. ఆమె పోనంది. లోపలి నుంచి గడియ పెట్టుకొనే గదిలో నిద్రపోవడం ఆమెకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అక్కడికి పోతే అన్న ఉన్నప్పుడు అన్న చేతి కింద, లేనప్పుడు అన్న కొడుకుల చేతి కింద బతకాలి. ఛస్తే పోనంది. ఆ పూట తిన్న దెబ్బలకు ఎడమ చెవిలో రెండు రోజులు హోరు తగ్గలేదు. ఇటు వేణుగోపాలరావు ఆమె రెసిడెన్సీ ఇంకో రెండేళ్ళు పొడిగించడానికి కాగితాలన్నీ సిద్ధం చేశాడు. మరుసటి ఆదివారం ఆమె పాస్‌పోర్టు చేతికిస్తే పని అయిపోతుంది. అది లేకపోతే మాత్రం ఆమె పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారమే సెమీఫైనల్. పొద్దున తీరిక దొరక్క, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇందిరాదేవి రికార్డింగ్ పెట్టింది. ఆఖరి పది నిమిషాలు మిగిలాయి, తెల్లచొక్కాలు ఒక్క గోలుతో ముందున్నారు, అవతలివాళ్ళు పిచ్చెక్కినట్లు మీద పడుతున్నారు. అంతలో వెనక గేటు చప్పుడైంది. ఇందిరాదేవి బొమ్మ ఆపింది. శివకుమారి కత్తి పళ్ళెంలో పెట్టి లేచింది.

ఆమె వెళ్ళేసరికి తిరుపాలు గదిలో ఉన్నాడు. రేకు పెట్టె బోర్లా పడి ఉంది, చీరలన్నీ నేల మీద ఉన్నాయి, పాస్‌పోర్టు వాడి చేతిలో ఉంది.

“ఆదివారం టికెట్ తీసినామే,” అన్నాడు. “ఇది నా కాడ్నే ఉంటాది. నువ్వే ఎతుక్కుంటా వస్తావు.”

ఇవ్వమని చెయ్యి చాపింది. మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండో దెబ్బకు మంచం ఇనుప అంచు మీద పడి పెదవి చీలింది. లేవబోతే నడుం మీద తన్నాడు, పడుకున్న ఒంటెను లేపినట్లు, ఒకసారి కాదు మూడుసార్లు. ఆ తర్వాత తీరిగ్గా చెప్పులేసుకొని పెరట్లోకి దిగి గేటు వైపు నడిచాడు.

శివకుమారి లేచింది. నోటి నిండా రక్తం. వాడి వీపు కనిపిస్తోంది, విశాలంగా, ఎదురు లేనట్లు. వెనక నుంచి కాదు అనుకుంది. అది భయమా, పద్ధతా అంటే ఆమెకే తెలియదు.

“న్నా,” అని పిలిచింది.

వాడు తిరిగాడు. పాస్‌పోర్టు కుడిచేతిలో ఊపుకుంటూ ఉన్నాడు. ఆమె మోకాళ్ళు వంచి, తల పక్కకు తిప్పి, భుజం దించి, నాలుగంగల్లో పరుగెత్తి వాడి రొమ్ము మీద గుద్దింది. చెనిక్కాయల మూటలు మోసిన భుజం అది. వాడి చెప్పులు అక్కడే ఉండిపోయాయి, మనిషి వెళ్ళి గోడ పక్కనున్న ఏసీ యంత్రం మీద పడ్డాడు. వాడి భుజంలో ఎండుకట్టె విరిగినట్లు చప్పుడైంది. పాస్‌పోర్టు నేల మీద పడింది. ఆమె తీసుకుంది.

బిళ్ళ ఇప్పుడు ఆమె దగ్గరుంది. ఇక ఆమెను కొట్టొచ్చు. వాడూ వదల్లేదు. ఎడమచేత్తో జుట్టు దొరకబుచ్చుకొని ఇనుప గేటుకేసి రెండుసార్లు మోదాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఆమె పాస్‌పోర్టును పొట్టకు అదుముకొని, గేటుకు కాలు తన్నిపెట్టి, మళ్ళీ భుజం విసిరింది. అది విరిగిన చోటే తగిలింది. వాడు పెట్టిన పొలికేకకు వేణుగోపాలరావు నిద్రలోంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఇందిరాదేవి రిమోట్ చేత్తోనే వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి ఉంది.

ఇద్దర్నీ ఒకే కారులో, ఒకణ్ణి ముందు, ఒకర్ని వెనక కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఖుత్బుద్దీన్‌ది హైదరాబాద్. భుజం మీది ఎముక రెండు ముక్కలైందని చెప్పి, ఎలా జరిగిందని తిరుపాలును అడిగాడు. ఒంటె తన్నిందన్నాడు వాడు. డాక్టరు పక్క మంచం మీది శివకుమారి మొహాన్ని చూశాడు.

“గీ అమ్మను గూడ ఒంటెనే తన్నిందా?”

“ఔ సార్,” అన్నాడు తిరుపాలు.

ఇందిరాదేవి ఊరుకోమన్నట్లు శివకుమారి చెయ్యి నొక్కింది. నోరు విప్పితే పోలీసులొస్తారు, ఇద్దర్నీ విమానం ఎక్కించినా ఎక్కిస్తారు. విప్పకపోతే వచ్చే శుక్రవారం కాకపోతే ఎముక అతికిన తర్వాతి శుక్రవారం వాడు మళ్ళీ ఆ గేటు తెరుచుకొని వస్తాడు. అదంతా ఆమెకు తెలుసు. కానీ ఆమెకు ఒళ్ళు మండింది వేరే సంగతికి. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి కొడితే, దాన్ని వీడు ఒంటె పేరున రాయించేస్తున్నాడు.

“ఒంటె గాదు సార్,” అంది. “నేనే కొట్టినా. ముందర మా అన్న నన్ను కొట్టినాడు. నా పాస్‌పోర్టు ఎత్తుకపోతాంటే కొట్టినా. అట్లనే రాసుకోండి.”

పోలీసు వచ్చాడు. ఇందిరాదేవి శివకుమారి పక్కన కూర్చొని ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పింది, అడక్కుండానే నాలుగేళ్ళ తలుపుల సంగతీ చెప్పి తల దించుకుంది. పోలీసు అంతా విని తేల్చేశాడు. ఆమె తన వస్తువు తను కాపాడుకుంది, ఆమె మీద కేసు లేదు. ఇంకొకరి పాస్‌పోర్టు లాక్కోవడం నేరం. ఆమె ఫిర్యాదు చేస్తే ఇతను జైలుకు, అక్కడి నుంచి ఊరికి. వద్దనుకుంటే మళ్ళీ ఆ ఇంటి దరిదాపుల్లోకి రానని రాసి సంతకం పెట్టాలి. రెంటిలో ఏదో ఆమే చెప్పాలి.

“శివమ్మా, నా కడుపు మీద కొట్టద్దు తల్లీ,” అన్నాడు తిరుపాలు. తల్లీ అన్న మాట వాడి నోటి వెంట ఆమె ఎన్నడూ వినలేదు.

ఆమె మంచం దిగి వాడి దగ్గరకు నడిచింది. రక్తంతో అట్టకట్టిన జుట్టు కంటికి అడ్డం పడితే తోసుకుందామని చెయ్యెత్తింది. తిరుపాలు గబుక్కున మొహం తిప్పుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని, ఎడమ మోచెయ్యి చెంపకు అడ్డం పెట్టుకున్నాడు.

శివకుమారి చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ అలా మోచెయ్యి అడ్డం పెట్టుకున్నది తను. చూస్తే జాలి పడాలి కాబోలు. జాలి కలగలేదు. సంతోషం కలిగింది, గొంతు దాకా వచ్చింది, అందుకు ఆమెకు సిగ్గు కూడా వెయ్యలేదు. జుట్టు వెనక్కి తోసుకొని, సంతకం పెట్టించండి చాలు అని పోలీసుకు చెప్పింది. వాడు ఎడమచేత్తో వంకరటింకరగా తన పేరు రాస్తుంటే, ఆఖరి అక్షరం అయ్యేదాకా పక్కనే నిలబడి చూసింది.