కోహెన్ చేతుల మీద నీళ్ళు

షబో మళ్ళీ బయటికి నడిచాడు. లోపల పొద్దుటి ప్రార్థన సాగుతూనే ఉంది, ఇంకాసేపట్లో దీవెన ఘట్టం వస్తుంది. గుమ్మం పక్కన రాతి తొట్టి దగ్గర అతని బావ నహూమ్ రాగి చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. షబో భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా వెళ్ళి, మొహమైనా చూడకుండా వాకిట్లోకి దిగిపోయాడు. వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు. నిట్టూర్చుకోనీ అనుకున్నాడు షబో.

యెరూషలేములో సంత వెనక సందుల్లో, కుర్దు కొండల నుంచి వచ్చినవాళ్ళు తమ చేతులతో రాళ్ళు చెక్కి కట్టుకున్న చిన్న మందిరం అది. దానికున్న ఒకే ఒక్క కోహెన్ షబో. యాజకుల వంశంలో పుట్టాడు కాబట్టి రోజూ పొద్దున తల మీంచి శాలువా కప్పుకుని, చేతులు చాపి, జనాన్ని దీవించాల్సింది అతనే. దీవెనకి ముందు అతని చేతుల మీద నీళ్ళు పొయ్యాల్సింది లేవీ వంశంవాడు. ఆ మందిరానికున్న ఒకే ఒక్క లేవీ నహూమ్. దేవుడికి ఒక్కోసారి వేళాకోళం ఎక్కువవుతుంది.

దీవెన మొదలుపెట్టే వాక్యంలో 'ప్రేమతో' అనే మాట ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళలో ఒక్కడి మీద ద్వేషం ఉన్నా కోహెన్ ఆ మాట అనకూడదు, అంటే అది అన్నవాడికే చుట్టుకుంటుంది. దీవించే ఉద్దేశం లేనివాడు ఆ ఘట్టం రాకముందే మందిరం వదిలి పోవాలి. షబో చేస్తున్నది అదే. శాస్త్రం ప్రకారం వేలెత్తి చూపడానికి లేదు.

ఇక ద్వేషమంటారా, అది రాతి పనిలో ఉలి పట్టుకున్నా కనపడేది, పుల్లటి చారులో మాంసం కూరిన కుబ్బె ఉండ కొరికినా కనపడేది. మొహం నహూమ్‌ది.

నహూమ్ పెళ్ళాం అస్మర్ షబోకి అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. శీతాకాలం చివర్లో ఒక పొద్దున పక్కింటావిడ వచ్చి "మీ అక్క పోయిందయ్యా" అంటే సుత్తి పడేసి పరిగెత్తాడు. పరిగెత్తి గుమ్మం ముందు ఆగిపోవాల్సి వచ్చింది. శవం ఉన్న కప్పు కిందికి కోహెన్ అడుగుపెట్టకూడదు. తల్లికైతే పెట్టొచ్చు, తండ్రికైతే పెట్టొచ్చు, పెళ్ళికాని అక్కకైనా పెట్టొచ్చు. పెళ్ళయిన అక్కకి లేదు, ఆవిడ మొగుడింటి మనిషి. వీధిలో నిలబడి కిటికీ వంక చూస్తూ ఏడ్చాడు. కొండ మీద స్మశానానికి తీసుకెళ్తే గోడ బయట రోడ్డు మీద నిలబడ్డాడు. మట్టి పడిన చప్పుడు కూడా వినపడలేదు.

అప్పుడు తెలిసింది, చలికాలం మొదట్లో హనుక్కా పండగ దీపాలు పెట్టే రోజులకే డాక్టర్లు ఆవిడ బతకదని చెప్పేశారని. నహూమ్‌కి తెలుసు. కూతురు నాజెకి తెలుసు. తమ్ముడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. బతికున్న అక్క దగ్గరికి వెళ్ళడానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది? పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకోవాల్సిన రోజులన్నీ నహూమ్ మింగేశాడు. అడిగితే తల వంచుకుంటాడు. సంతాపం రోజులు అయ్యాక షబో సంత మధ్యలో నిలదీసి "మా అక్కని నువ్వే చంపావు బావా" అంటే కూడా ఆ మనిషి నోరు విప్పలేదు. ఆ మౌనం చూసేసరికి షబోకి ఒళ్ళు మండిపోయింది.

ఒక్క విషయం చెప్పుకోవాలి. షబో బయటికి నడవడం ఇదే మొదలు కాదు. ఆ శీతాకాలమంతా కూడా నడిచాడు, కాకపోతే అప్పటి కోపం నహూమ్ మీద కాదు, మందిరం పెద్ద దర్వీష్ మీద. షబో తండ్రి కూర్చున్న బల్ల పక్క నుంచి చలి కాచుకునే కిరసనాయిలు పొయ్యి తీసి అవతలి గోడకి పెట్టించాడని. పొయ్యి అండీ. దాని కోసం చలికాలం పొడుగునా సందు జనానికి దీవెన లేకుండా చేశాడు. దర్వీష్ పొయ్యి తెచ్చి మళ్ళీ ఇక్కడే పెడతానన్నా వినలేదు. "ముందు తియ్యడమెందుకు, ఇప్పుడు పెట్టడమెందుకు?" అన్నాడు.

ఇప్పుడు ప్రార్థన ముగియగానే వాకిట్లోకి దర్వీష్ వెంటపడి వచ్చాడు.

"ఒరే, మా కోడలికి నెలలు నిండాయి. రోజూ ఆ మెట్లెక్కి దీవెన కోసం వచ్చి కూర్చుంటోంది. నువ్వేమో పెళ్ళిలో అలిగిన అల్లుడిలా వాకిట్లో నిలబడతావు. ఎన్నాళ్ళురా ఇది?"

"లోపల ప్రేమ లేనప్పుడు ప్రేమతో అని అబద్ధం చెప్పమంటావా?"

"అన్నం పెట్టేటప్పుడు మా ఆవిడ రోజూ ప్రేమతోనే పెడుతుందా? అయినా పెడుతుంది, నేను తింటాను."

"నీ పొయ్యి సంగతి నేను మర్చిపోలేదు. నాతో పెట్టుకోకు."

మెట్ల మీద కూర్చుని ఎండ కాచుకుంటున్న హఖామ్ అల్వాన్ ఈ మాటలన్నీ విన్నాడు. ఆ సందుకి గురువు ఆయన. చూపు సగం పోయింది, చెవులు మాత్రం ఇంకా కుర్రవాడివే.

"షబో, ఇలా రా. నీ లోపలివాడు ఏమంటున్నాడు?"

"ఏ లోపలివాడు హఖామ్?"

"అదే, మనందరి చేతా చెడ్డపని చేయించేవాడు."

"నేనేం చెడ్డపని చేశాను? ద్వేషం పెట్టుకుని దీవించకూడదని నేర్పింది మీరే. అందుకే బయటికి వస్తున్నాను."

"వాడొచ్చి పంది మాంసం తినమంటే తన్ని తగలేస్తావు. ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకే నీ దగ్గరికి వచ్చేటప్పుడు శాలువా కప్పుకుని, శాస్త్రం చంకలో పెట్టుకుని వస్తాడు. ద్వేషంతో దీవించొద్దు అన్నది ద్వేషాన్ని దించుకోమనిరా. మనిషిని వీధిలోకి పొమ్మని కాదు."

"దించుకోవడానికి అదేమన్నా బస్తానా?"

"బస్తా అయితే కూలీవాణ్ణి పెట్టుకునేవాడివి. దీనికి కూలీలు దొరకరు."

షబో ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ మీద కోపం చూపించడు, ఆ మర్యాద ఉంది. దారంతా మాత్రం పళ్ళు నూరుతూనే ఉన్నాడు. ఆయనకేం తెలుసు? ఆఖరి రోజుల్లో అక్క రోజూ పొద్దున్నే ఆ చలిలో, తడిసిన మెట్లెక్కి ఆడవాళ్ళు కూర్చునే మేడ మీదికి ఒక్కతే వచ్చేది. ఆ చలికాలం శనివారాలు తప్ప ఆడవాళ్ళెవరూ వచ్చేవాళ్ళు కాదు. చావు దగ్గరపడిన మనిషిని నహూమ్ అలా వదిలేశాడు. ఒకసారి వాకిట్లో ఎదురుపడితే షబోయే వెక్కిరించాడు కూడా, "ఏంటక్కా, హఖామ్‌వి అవుదామనా?" అని. ఆవిడ నవ్వి "ఇంట్లో తోచట్లేదురా" అంది. చిక్కిపోయావేంటంటే పళ్ళ నొప్పి, తినలేకపోతున్నానంది. అవన్నీ నహూమ్ నేర్పిన అబద్ధాలే. ఇంటికి చేరేసరికి షబోకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చిన దగ్గర్నుంచి హాయిగా కూడా అనిపించింది.

శనివారం మందిరం నిండిపోయింది. దీవెన ముందు షబో బయటికి పోలేదు. బూట్లు విప్పి తొట్టి దగ్గరికి వచ్చాడు. అందరి మొహాలూ వెలిగాయి. నహూమ్ చెంబు ముంచి ఎత్తాడు. షబో చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఈ చేత్తో కాదు," అన్నాడు, చివరి బల్ల దాకా వినపడేలా. "లేవీ లేనిచోట తల్లికి మొదటి కొడుకైనవాడు నీళ్ళు పొయ్యొచ్చు. గుర్జీ, నువ్వు మొదటివాడివేగా. రా, వచ్చి నీళ్ళు పొయ్యి."

మాంసం కొట్టు గుర్జీ లేవలేదు. "లేవీ లేకపోతే కదా," అన్నాడు. "ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. నీ కళ్ళకి ఏమైంది?"

నహూమ్ చెంబు తొట్టి అంచు మీద పెట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నలుగురిలో మనిషి మొహం అలా పాలిపోయేలా చెయ్యడం హత్యతో సమానమని ఆ మందిరంలో ఎవరికైనా తెలుసు. షబోకీ తెలుసు. అందుకే చేశాడు. తరవాత ఉత్త కాళ్ళతో వాకిట్లోకి నడిచాడు, లోపల దీవెన లేకుండానే ప్రార్థన ముందుకి సాగింది.

ఆడవాళ్ళ మెట్లు దడదడలాడాయి. నాజె దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. తల్లి పోలిక ఏమీ రాలేదు ఆ పిల్లకి, కోపం మాత్రం అచ్చం మేనమామదే.

"అయిందా మామయ్యా? కడుపు నిండిందా?"

"నువ్వు పైకి పో."

"పోను. మా నాన్న ఒట్టేశాడు, నేను వెయ్యలేదు. నీకు చెప్పొద్దన్నది అమ్మ. తెలుసా? తమ్ముడికి తెలిస్తే ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ల పీక పట్టుకుంటాడు, దేవుడితో దెబ్బలాడతాడు, నేను పోయే లోపు వాణ్ణి ఊరుకోబెట్టడానికే నా ఊపిరి సరిపోతుంది అంది. నాకా ఓపిక లేదే అంది."

"అబద్ధం. అయినా ఆవిణ్ణి ఆ చలిలో మెట్లెక్కించింది ఎవరు? మీ నాన్న కాదూ?"

నాజె నవ్వింది. ఆ నవ్వు చూసి షబోకి మొదటిసారి భయమేసింది.

"నాన్న వద్దని కాళ్ళు పట్టుకున్నాడు. ఎందుకు ఎక్కిందో నీకు నిజంగా తెలీదా? నీ దీవెన కోసం. రోజూ వచ్చింది. రోజూ మేడ మీది జాలీ లోంచి చూసింది, నువ్వు పొయ్యి పేరు చెప్పి అలిగి బయటికి పోవడం. నేనే ఉండబట్టలేక మామయ్యకి చెప్తానమ్మా, ఒక్కసారి దీవిస్తాడు అన్నాను. వద్దంది. జాలిపడి ఇస్తే నాకొద్దే, వాడంతట వాడు కోపం దిగి వస్తే అప్పుడు కావాలి, రేపు వస్తాడు చూడు అంది. అలా రేపు రేపు అంటూనే పోయింది. ఇప్పుడు చెప్పు, నీళ్ళు ఎవరు పొయ్యాలి నీకు?"

పిల్ల మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది. షబో వాకిట్లో రాతి పలక మీద కూలబడ్డాడు.

లోపల ధర్మగ్రంథం చదువుతున్నారు. షబో ఉత్త కాళ్ళతో కూర్చుని ఎవరి మీద కోప్పడాలా అని వెతుక్కున్నాడు. నాజె మీద తెచ్చుకుందామంటే రాలేదు. అక్క మీద వచ్చింది కానీ నిలవలేదు. నోరు లేదా అక్కా, ఒరే అంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదా అని పైకే అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. దర్వీష్ ఎన్నిసార్లు ఒరే అన్నాడు, తను ఒక్కసారైనా వెళ్ళాడా? దర్వీష్‌నీ పొయ్యినీ తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలాయి. నహూమ్ ఒక్కడే మిగిలాడు, వాణ్ణి పట్టుకుందామంటే పట్టు దొరకలేదు. చివరికి ఆ కోపం తిరిగి తిరిగి తన మీదే వచ్చి కూర్చుంది. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

శనివారం ప్రార్థన రెండు విడతలు, దీవెన కూడా రెండుసార్లు. రెండో విడత మొదలైంది. అప్పుడు తన లోపలి నుంచి ఒక గొంతు మెత్తగా పలికింది. ఇంటికి పోరా షబో. ఇంత పాపం చేసినవాడివి, ఏ మొహంతో దీవిస్తావు? నీ చేతులు పనికిరావు. పెద్దమనిషిలా లేచి బయటికి నడు.

లేచాడు. రెండడుగులు వీధి వైపు వేశాడు కూడా. ఆగాడు. బయటికి నడు అనే ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. పొయ్యి అప్పుడు విన్నాడు, నహూమ్ అప్పుడు విన్నాడు. అదే గొంతు. అప్పుడు నువ్వు గొప్పవాడివి పో అంది, ఇప్పుడు నువ్వు పాపివి పో అంటోంది. ఎటు తిప్పినా పొమ్మనే అంటోంది.

"దొంగ ముండాకొడకా," అన్నాడు షబో, వీధిలో ఎవరూ లేకపోయినా. వెనక్కి తిరిగి గుమ్మం లోపలికి వచ్చాడు.

నహూమ్ తొట్టి దగ్గరే ఉన్నాడు. చెంబు మళ్ళీ చేతిలో ఉంది. షబో వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"సంతలో అంతమందిలో హంతకుడివన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా బావా. ఆ ఒక్క ముక్క అంటే అక్కడికక్కడే చచ్చేవాణ్ణి."

"నోటి దాకా వచ్చింది," అన్నాడు నహూమ్. "నువ్వు నా భుజం రాసుకుని బయటికి పోయిన ప్రతి రోజూ వచ్చింది. ఇందాకా వచ్చింది."

"మరి?"

"మింగాను. ఆవిడకి మాటిచ్చాను. అంతే కానీ నిన్ను క్షమించానని అనుకోకు. లేదు. చేతులు చాపు."

షబో చేతులు చాపాడు. నీళ్ళు మణికట్టు మీంచి జారాయి. నహూమ్ తొందరపడకుండా చెంబు వంచాడు. కోపంతో ఉన్న మనిషి అంత నిదానంగా నీళ్ళు పొయ్యడం షబో ఎప్పుడూ చూడలేదు. తన జన్మలో తను ఏ పనీ అలా చెయ్యలేదనుకున్నాడు.

ఇద్దరు కోహెన్‌లు ఉంటే ప్రార్థన చెప్పేవాడు వాళ్ళని 'కోహెన్‌లారా' అని పిలుస్తాడు, అప్పుడు జనం వైపు తిరుగుతారు. ఒక్కడే ఉంటే ఎవరూ పిలవరు. వాడంతట వాడే తిరగాలి. షబో ఎన్నో ఏళ్ళుగా ఆ అరుగు మీద నిలబడ్డాడు కానీ ఆ సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. శాలువా తల మీదికి లాక్కున్నాడు. ఎవరూ పిలవలేదు. తిరిగాడు.

వేళ్ళు విప్పి చేతులు చాపాడు. శాలువా కింద నేల తప్ప ఏమీ కనపడటం లేదు. వాక్యం మొదలుపెట్టాడు, 'ప్రేమతో' అనే మాట దగ్గర ఆగాడు. ఎదురుగా నహూమ్ ఉన్నాడు. దర్వీష్ ఉన్నాడు, అతని కోడలు పైన ఉంది. వాళ్ళెవరి మీదా ఇప్పుడు కోపం లేదు. ఎవడి మీదైతే ఉందో వాడు శాలువా కిందే ఉన్నాడు, వాణ్ణి వదిలి బయటికి పోవడానికి ఏ గుమ్మమూ లేదు. 

నిలబడి, ఆ మాట అన్నాడు.

పైన, అక్క కూర్చునే చోటు నుంచి నాజె అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. ఆ గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది.