తోకకు కట్టిన నిమ్మకాయ

నేను ఒక గ్లైడర్‌ని. ఇంజను లేని బొమ్మ విమానం అనుకోండి. రెండు రెక్కలూ కలిపి ఆరడుగులు, బరువు కిలో లోపే. ఇప్పుడు భీమిలిలో మా గ్లైడర్ల సంఘం ఆఫీసు గోడకు మేకుల మీద వేలాడుతున్నాను. మనుషులంటే నాకు పరమ అసహ్యం. ఒక్క వరహాలమ్మ టీచర్ని మినహాయించి చెబుతున్నాను.

ఆవిడ హైస్కూల్లో డ్రాయింగు చెబుతుంది. వేసవి సెలవులన్నీ నాకే పెట్టింది. తేలిక చెక్కను బ్లేడుతో కోసి, పుల్లా పుల్లా అతికించి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఇస్త్రీ పెట్టెతో బిగించింది. చివర్లో రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి నన్ను నిలబెట్టేది. తోక వాలితే ముక్కులో ఇంకో సీసపు గుండు. ముక్కు వాలితే ఒకటి తీసేది. మూడు రోజులు అదే పని. సమంగా నిలిచాక, ఇంక ఈగ వాలినా నీకు తేడా తెలుస్తుందని నాతోనే చెప్పింది.

మా బతుకంతా గాలే. కొండకు ఎదురుగా వచ్చి తగిలిన గాలి పైకి లేస్తుంది, దాని మీద మేం తేలతాం. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి కాబట్టి ఎర్రమెట్ట కొండ తూర్పు వాలు. పొద్దున్న పడమటి గాలి కాబట్టి అవతలి వాలు. కొండ దాటి వెనక వాలు మీదికి దిగే గాలి మాత్రం సుళ్లు తిరిగి కిందికి తొక్కేస్తుంది. టీచరు చేతికర్రకు ఊలు దారం కట్టుకుని, గాలి ఎటు నుంచి వస్తే ఆ వాలుకే నడిచేది. ఇంతే సంగతి. ఈ పాటి ముక్క తెలుసుకోవడానికి ప్రెసిడెంటు జగ్గారావు గారికి పదకొండేళ్లు చాలలేదు.

రాష్ట్ర పోటీకి సంఘం నుంచి ఒక్కరినే పంపుతారు. ఎవరి గ్లైడరు ఎక్కువసేపు పైన నిలిస్తే వారే వెళ్తారు. మనిషికి ఒక్కటే అవకాశం. ఇంతవరకూ ఆడమనిషి వెళ్లింది లేదు. టీచరు నన్ను చేసింది అందుకే.

ఎంపిక రోజు పొద్దున్న తొమ్మిదింటికి పడమటి గాలి హోరెత్తుతోంది. జగ్గారావు గారేమో తూర్పు వాలు అంచున షామియానా వేయించారు. తూర్పు మొహంగా మొదలెడితే శుభమట. పైగా మొదటి గ్లైడర్నని నాకు కొత్త బండికి చేసినట్టు పూజ. తడి పసుపు, తడి కుంకుమ రెక్కల నిండా పూశారు. ఛీ, ఒళ్లంతా జిగట. ఆపైన దిష్టి తగలకుండా తోకకు నిమ్మకాయ కట్టారు. మూడు రోజుల కష్టం ఒక్క ముడితో పోయింది.

టీచరు ఊలు దారం చూపించింది.

"గాలి పడమటేపు నుంచొస్తందండి. అటేపు నడిస్తే అయిదు నిమిషాలు. ఆ నిమ్మకాయైనా ఇప్పేనియ్యండి, తోక బరువైపోద్ది."

"కట్టింది విప్పితే అపశకునం టీచరమ్మా. అన్నిటికీ వంకలెడితే ఎలాగ?"

తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి తలెత్తకుండా ఉప్మా తింటున్నాడు. టీచరు గాలిలో నా తోకను తిప్పే రిమోటు పట్టుకుంది.

ప్రారంభం తన చేతుల మీదుగానే జరగాలని జగ్గారావు గారు ఫొటో తీసేవాడి వైపు నవ్వుతూ నన్ను విసిరారు. తోక కిందికి లాగింది, ముక్కు ఆకాశానికి లేచింది, అక్కడే ఆగిపోయాను. వెనక నుంచి దిగే గాలి నెత్తిన మొత్తింది. టీచరు వేళ్లు రిమోటు మీద ఎంత కొట్టుకున్నాయో నాకు తెలుసు. పదకొండు సెకన్లు. రాతి మీద పడి కుడి రెక్క విరిగింది.

టీచరమ్మ హస్తవాసి మంచిది కాదని ఆయన అందరికీ వినపడేలా అన్నారు. విసిరిన చెయ్యి ఎవరిదో ఒక్కరూ అడగలేదు. థూ!

భోజనాలయ్యేసరికి సముద్రపు గాలి తిరిగింది. అదే వాలు మీద జగ్గారావు గారి బావమరిది గ్లైడరు పన్నెండు నిమిషాలు నిలిచింది. ఆలస్యమైందని దానికి పూజ చెయ్యలేదు. తూర్పు మహిమ చూశారా అని మాత్రం ప్రెసిడెంటు గారు మైకులో చెప్పారు. బావమరిది పోటీకి వెళ్లాడు.

సంఘం వాళ్లు నన్ను టీచరుకు తిరిగివ్వకుండా, నా రెక్క అతికించి, ఆయన విసురుతున్న ఫొటో పక్కన నన్ను తగిలించారు. పోయిన వారం టీచరు వచ్చి నన్ను ఇమ్మని అడిగింది. సంఘం ఆస్తి ఇవ్వడం కుదరదన్నారు. ఆయన ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లగానే ఆవిడ కుర్చీ ఎక్కి నన్ను దించింది. ఎండిపోయిన నిమ్మకాయ విప్పి సంచిలో వేసుకుంది. రెండు వేళ్ల మీద నిలబెట్టింది. నిలిచాను. అతుకుల రెక్కతోనే, అంగుళం వాలకుండా నిలిచాను. ఆవిడ చాలాసేపు చూసి, మళ్లీ మేకులకు తగిలించి వెళ్లిపోయింది.

మర్నాడు జగ్గారావు గారు తోక బోసిగా ఉందని కొత్త నిమ్మకాయ కట్టించారు. ఈసారి ఇంకా పెద్దది.