ఫిబ్రవరిలో ఎండదెబ్బ

మూడేళ్ళ క్రితం వరకు బుడే గ్రానైట్ క్వారీలో మందు పేల్చేవాడు. ఒకరోజు ఒక రంధ్రంలో కూరిన మందు పేలలేదు. చూడడానికి వెళ్ళాడు. ఇరవై అడుగుల దూరంలో ఉండగా పేలింది. బుడే ఎగిరి వెనక్కి పడ్డాడు. ఒంటి మీద గీత పడలేదు. వారం రోజులు చెవుల్లో హోరు ఉంది, తర్వాత తగ్గింది. తలనొప్పి మాత్రం అప్పుడప్పుడు వచ్చేది. క్వారీ మానేసి ఆటో కొన్నాడు. రోజూ పొద్దున ఊళ్ళోని పదకొండు మంది ఆడవాళ్ళను మిరపకోతకు తీసుకెళ్ళి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఆ పదకొండు మందిలో అతని భార్య రహిమున్నీసా ఒకరు.

ఫిబ్రవరి మొదటి బుధవారం మధ్యాహ్నం చేను గట్టు మీద అందరూ క్యారేజీలు విప్పారు. బుడే ఏదో చెబుతూ మాట మధ్యలో ఆగాడు. కుడి చెయ్యి కొట్టుకుంది. తర్వాత ఒళ్ళంతా బిగుసుకుని పక్కకు పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి.

“ఇనుము! చేతిలో ఇనుము పెట్టండే!” అని ముఠా మేస్త్రి రాఘవమ్మ అరిచింది.

అందరూ కొంగుముళ్ళు విప్పి తాళంచెవులు తీశారు. అందరిలోకీ చిన్నదైన స్తుతి పరుగెత్తి ఆటో తాళంచెవి కూడా పట్టుకొచ్చింది. రహిమున్నీసా ఇంటి తాళంచెవిని భర్త కుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. రెండు నిమిషాలకు కదలిక ఆగింది. పావుగంటకు బుడే కళ్ళు తెరిచి క్యారేజీ వైపు చూశాడు.

“నా గుడ్డు ఎవరు తిన్నారు?”

“నేనే,” అంది రాఘవమ్మ. “నువ్వు పోతున్నావేమో అనుకున్నా రా. పాడవుద్దని తినేశా.”

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని రహిమున్నీసా పట్టుబట్టింది. బుడే ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఫిట్స్ అన్న మాట ఎవరూ అనకూడదు. క్వారీలో ఒక లారీ డ్రైవరుకు ఫిట్స్ అని డాక్టరు చీటీ రాశాక మళ్ళీ స్టీరింగ్ పట్టుకోనివ్వలేదు.

“ఆటో లేకపోతే నేనేం చెయ్యాలి? మిమ్మల్ని ఎవడు తీసుకెళ్తాడు?”

రెండో ప్రశ్న పనిచేసింది. ఊళ్ళో ఇంకో ఆటో ఉంది. దాని డ్రైవరు ఎవరికోసమూ ఆగడు. బుడే అయితే వీళ్ళు జడలు వేసుకునేదాకా ఆగుతాడు.

“ఎండదెబ్బ,” అని రాఘవమ్మ తేల్చింది. “అందరం ఒకటే మాట. స్తుతీ, నువ్వు నోరెత్తకు.”

గుంటూరులో ఉండే నరాల డాక్టరు గీతాంజలి గురువారాలు వినుకొండ వచ్చి రోగులను చూస్తుంది. సాక్ష్యానికి పదకొండు మందీ బయల్దేరారు. బుడేతో రహిమున్నీసా, రాఘవమ్మ లోపలికి వెళ్ళారు, మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు.

“ఏమైంది?” అంది డాక్టరు.

“ఎండదెబ్బండి,” అంది రాఘవమ్మ.

“ఫిబ్రవరిలోనా? పొద్దున నేను స్వెటర్ వేసుకుని వచ్చాను.”

“మా చేలో కాస్త ఎక్కువండి.”

“నీరసం కూడానండి,” అని గుమ్మంలోంచి ఒకామె సాయం వచ్చింది.

డాక్టరు నాడి చూడబోయి బుడే అరచెయ్యి తిప్పింది. మధ్యలో కమిలి ఉంది. పొడుగాటి కాడ, చివర మూడు పళ్ళు.

“మా నాన్న కూడా మిరప రైతే,” అంది. “ఎండదెబ్బకి చేలో మజ్జిగ తాగిస్తారు. నీరసానికి పంచదార నీళ్ళు. చేతిలో తాళంచెవి దేనికి పెడతారో నాకు తెలుసు.”

రాఘవమ్మ స్తుతి వైపు చూసింది.

“నేనేం అన్లేదు,” అంది స్తుతి.

“ఇక్కడికి ఎలా వచ్చారు?” అని డాక్టరు అడిగింది.

“ఆటోలోనండి.”

“ఎవరు నడిపారు?”

అందరి తలలూ బుడే వైపు తిరిగాయి. డాక్టరు పెన్ను కింద పెట్టింది.

“కుడి చెయ్యి ముందు కొట్టుకుందమ్మా,” అంది రహిమున్నీసా. “ఆ చెయ్యి పట్టుకుంది నేనే. ఇవాళ సాగర్ కాలువ గట్టు మీద వస్తుంటే, ఇప్పుడొస్తే పన్నెండు మందిమీ నీళ్ళలోనే అనుకున్నా.”

“నాకు చెప్పలేదేం?” అన్నాడు బుడే.

“వెనక నుంచి చెబితే నీకు ఎప్పుడు వినపడింది?”

తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని డాక్టరు అడిగింది. లేదన్నాడు బుడే. మందు పేలితే ఎగిరిపడినా గీత కూడా పడలేదని, అది క్వారీలో అందరికీ తెలుసని చెప్పాడు.

“రాయి తగలక్కర్లేదు. ఆ గాలి దెబ్బ చాలు, పుర్రె లోపల మెదడు కుదిలిపోవడానికి. అక్కడ మచ్చ మిగిలితే నెలలకో ఏళ్ళకో ఫిట్స్ రావచ్చు. అందరికీ రావు. మీకు అదే కారణమై ఉండొచ్చు, గుంటూరులో స్కాన్ తీసి చూద్దాం. మాత్రలు ఇవాళే మొదలుపెట్టండి. ఒక్క పూట కూడా మానొద్దు.”

“ఆటో?”

“ఏడాది ఫిట్స్ లేకుండా గడవాలి. అప్పుడైనా చూశాకే చెప్తాను. మాట ఇవ్వను.”

బుడే తల వంచుకున్నాడు.

డాక్టరు గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. “మళ్ళీ వస్తే తాళంచెవులు వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి.”

“గుడ్డు తినొద్దని కూడా చెప్పండి మేడం,” అన్నాడు బుడే.

బయటికొచ్చాక ఆటో దగ్గర అందరూ ఆగారు. స్తుతికి లైసెన్సు ఉంది. రెండేళ్ళు వాళ్ళన్న ట్రాలీ ఆటో నడిపింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంది. బుడే ఆటో చుట్టూ ఒకసారి తిరిగి, వెనక రాఘవమ్మకీ రహిమున్నీసాకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

“గేరు మార్చు స్తుతీ! ఎంతసేపు సెకండ్‌లో?”

“బాబాయ్, నువ్వు దిగి నడిచొస్తావా?”

కాలువ గట్టు మీద గతుకు వచ్చింది. ముందున్న ఇనుప కడ్డీ తగిలి బుడే మోకాలు పట్టుకున్నాడు.

“ఈ కడ్డీ ఇలా తగులుద్దని ఎవరూ చెప్పలేదే?”

“మూడేళ్ళ నుంచి చెప్తున్నాం రా,” అంది రాఘవమ్మ.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు వచ్చేసరికి బుడే ఆటో వెనక సీటు దగ్గర కూర్చుని ఆ కడ్డీకి సైకిల్ ట్యూబు చుడుతున్నాడు. రహిమున్నీసా మాత్రా, నీళ్ళ గ్లాసూ పట్టుకుని పక్కన నిలబడింది. అతను ముడి వేసి, మాత్ర మింగి, వెనక మధ్యలో, తన చోట్లో కూర్చున్నాడు.