ఆ చేతి అన్నం

గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి మేడమీద శ్రీరమ్య కౌన్సెలింగ్ చేసేది. 2003 వేసవిలో కింది అంతస్తులోని కడుపు డాక్టరు ఆమె దగ్గరికి వెంకటనారాయణను పంపాడు. అతను మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. ఏం తిన్నా కక్కుకుంటున్నాడు. పరీక్షల్లో ఏ జబ్బూ బయటపడలేదు.

మొదట్లో వ్యాపారం కబుర్లే చెప్పేవాడు. ఓ రోజు భార్య ఆదెమ్మ మాట వచ్చింది. తనను అడక్కుండా పొదిలిలో అన్నగారింటికి వెళ్లొచ్చిందని, నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి, జుట్టు పట్టుకుని ఆమె ముఖాన్ని ఆ పొగలోకి వంచానని చెప్పాడు. ఎలా దగ్గిందో చేసి చూపించి నవ్వాడు.

శ్రీరమ్య తల తిప్పుకోబోయి ఆగింది. ఎదుటివాళ్లు ఏం చెప్పినా ముఖంలో ఏదీ కనబడనీయకూడదని చదువుకునేటప్పుడు నేర్పారు. కానీ అతని సెంటు వాసన కూడా రోతగా తోచింది. లేచి వెళ్లిపోదామనుకుంది. ఊరుకుంటే తానూ ఆ నవ్వులో కలిసినట్టే అనిపించింది.

"వెంకటనారాయణ గారూ, ఇది వింటుంటే నాకు అసహ్యం వేస్తోంది. కడుపులో తిప్పుతోంది," అంది.

తిట్టి లేచిపోతాడనుకుంది. నవ్వు అతని ముఖం మీద కాసేపు అలాగే నిలిచి, జారిపోయింది.

"మీక్కూడానా మేడం?" అన్నాడు.

వెంటనే ఏదైనా బిళ్ల ఇవ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. అక్కడే కూర్చుని, ఆ తిప్పడం ఎప్పుడు మొదలైందో చెప్పమంది. అతను ఆ పొగ పెట్టిన రోజు సంగతే ఎత్తాడు.

"చీమిడీ చొంగా కారిపోయాయండీ దానికి. మొహం కడుక్కునొచ్చి అన్నం కలిపి పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. తిన్నానండి. ఇంకాస్త పెట్టమన్నాను."

చెత్తబుట్ట దగ్గరికి లాక్కుని కక్కాడు. ఆమె మంచినీళ్లిచ్చింది గాని ఓదార్చలేదు. ఆ రోత ఎవరి మీదని అడిగింది.

"దాని వంట మీదనుకున్నాను, ఇన్నాళ్లూ."



ఆదెమ్మ అప్పటికే పొదిలి వెళ్లిపోయింది. రేపే వెళ్లి కాళ్లు పట్టుకుని తీసుకొస్తానని మరుసటి వారం అన్నాడు.

"మీ కడుపు తేలికపడటానికి ఆవిడ కావాలా?" అని శ్రీరమ్య అడిగింది.

అతనికి కోపం వచ్చింది. రెండు వారాలు రాలేదు. మళ్లీ వచ్చాడు. ఆ ఏడాదంతా శ్రీరమ్య మాటల్లో ఆ పొగ దగ్గరికే అతన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టింది, నవ్వనివ్వకుండా, పారిపోనివ్వకుండా. వాంతులు తగ్గాయి. ఆమెకు మాత్రం అతనంటే అసహ్యం పూర్తిగా పోలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆదెమ్మ తిరిగి రాలేదు. రమ్మని అతనూ కబురు పెట్టలేదు.